కారం చేతులు, ఒక్క ఫోను

ఈ ఏడు మిరప రెండో కోతలో, ఒక శుక్రవారం, పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకి మా వదిన నన్ను చేలోంచి బయటికి పొమ్మంది. టైము ఇంత కచ్చితంగా ఎందుకు చెబుతున్నానంటే, ఏది చూసినా ముందు తేదీ, టైము రాసుకోవాలని మా గైడు మేడమ్ నేర్పింది. నేను రాసుకున్నాను. పొమ్మన్న మాట కూడా ఉన్నదున్నట్టు రాసుకున్నాను. అది చూసి వదినకి ఇంకా మండింది.

"మళ్లీ రాస్తున్నావా? ఆడబిడ్డవని ఊరుకుంటుంటే మా నోటి మాటలన్నీ మూటగట్టుకుని గుంటూరు పట్టుకెళ్తావా?" అంది.

ఆ రోజు నాకొచ్చిన కోపం ఇంకా పూర్తిగా పోలేదు. అది వదిన ఒక్కదాని మీది కోపం కాదు. గైడు మీద కోపం, ముఠాలో ఆడవాళ్ల మీద కోపం, పుస్తకాలు రాసినవాళ్ల మీద కోపం. ఏ కోపం ఎవరిదో విడదీసి చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి.

నాకు అక్షరాలు వచ్చేసరికి ముప్పై అయిదేళ్లు దాటాయి. మా పల్లెలో చర్చి వసారాలో పాస్టరమ్మ పెద్దవాళ్లకి బడి పెట్టింది. పాటల పుస్తకం పట్టుకుని, కంఠతా వచ్చిన పాటల మీద వేలు పెట్టి అక్షరాలు నేర్చుకున్నాం. అంతకుముందు ఇరవై ఏళ్లు ఇదే వదినతో, ఇదే ముఠాలో పత్తి తీశాను, మిరపకాయలు కోశాను. ముఠా అంటే మా వైపు కలిసి కూలికి పోయే ఆడవాళ్ల జట్టు. దానికొక పెద్ద ఉంటుంది. రైతుతో మాట్లాడేది ఆమె, మాట ఇచ్చేది ఆమె, ఆటో పిలిచేది ఆమె. మా ముఠాకి పెద్ద మా అన్న భార్య, అంటే ఈ వదినే.

చదవడం వచ్చాక గుంటూరు రోడ్డు మీద ఒక కోల్డ్ స్టోరేజీలో పని దొరికింది. ఎండుమిరప బస్తాల మీద నంబర్లు రాయడం, ఏ రైతువి ఏ గదిలో ఉన్నాయో అడిగినప్పుడు చూపించడం. చాలా ఏళ్లు చేశాను. తర్వాత కంప్యూటరు తెచ్చి, నన్ను ఊడ్చే పనికి మార్చారు. ఎందుకయ్యా అంటే, "సిస్టమ్ వచ్చిందమ్మా" అన్నారు. సిస్టమ్ అంటే ఏంటయ్యా అంటే ఒక్కడూ చెప్పలేదు. నవ్వారు. సరే, మీరు చెప్పకపోతే నేనే చదువుకుంటాననుకున్నాను. నా చదువు అలా కోపంతోనే మొదలైంది. ఊడుస్తూ ఓపెన్ స్కూల్లో పది పాసయ్యాను, ఇంటరు పాసయ్యాను, దూరవిద్యలో డిగ్రీ పాసయ్యాను. చివరికి ఎమ్మెస్సీ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో చేరాను. అప్పటికి అరవై దాటాయి.

"అది చదివి ఏ జిల్లాకి కలెక్టరువి అవుతావే?" అని అడిగింది మా వీధిలో ఒకామె.

"ఏ జిల్లా ఖాళీగా ఉందో నువ్వే చూసిపెట్టు," అన్నాను.

పరీక్షలైతే చదివి రాశాను. ఆఖర్న థీసిస్ అని ఒకటుంది. దాని గడువు ఒకసారి దాటించాను. రెండోసారి కూడా దాటితే పేరు తీసేస్తామన్నారు. అంటే పలక పట్టిన రోజు నుంచి చదివిందంతా ఆ ఒక్క గుమ్మం దగ్గర ఆగిపోతుంది. నా భయం అది. భయం అని ఇప్పుడు రాస్తున్నాను గానీ, అప్పుడు దాన్ని కూడా కోపమనే అనుకున్నాను.

మా గైడు మేడమ్ వయసులో నా కూతురంత ఉంటుంది. సన్నటి మనిషి, గొంతు పెంచదు. గొంతు పెంచని మనిషితో పోట్లాడటం ఎంత కష్టమో ఆమె దగ్గరే తెలిసింది. నేను మొదట పట్టుకెళ్లిన టాపిక్కు "కూలి మహిళల జీవితాలపై యాప్ ప్రభావం." మా వైపు ఒక రైతుల సంఘం వాళ్లు కూలి పనుల కోసం ఒక యాప్ పెట్టారు. ఏ ఊళ్లో కోత ఉంది, ఎంతమంది కావాలి, కూలి ఎంత అన్నది రైతు అందులో పెడతాడు. ఇష్టమున్నామె తన ఫోన్లో "వస్తాను" అని నొక్కాలి. సంఘం వాళ్లు ఊరూరా తిరిగి అందరి ఫోన్లలోనూ అది ఎక్కించి పోయారు.

మేడమ్ నా కాగితం చూసి, "ప్రభావం అంటే ఏంటమ్మా? ఏం మారిందని చూస్తారు? దేంతో పోల్చి చూస్తారు?" అంది.

తిరిగి రాసుకొచ్చాను. మళ్లీ తిప్పి పంపింది. మళ్లీ రాశాను. మళ్లీ. పర్చూరు నుంచి గుంటూరుకి బస్సు, బస్సు దిగి ఎండలో నడక, మూడో అంతస్తు, లిఫ్టు పనిచేయదు. నాలుగోసారి నా ఓపిక అయిపోయింది.

"మీరే ఒక ప్రశ్న రాసివ్వండి మేడమ్. తల వంచుకుని చేసుకొస్తాను."

"నా ప్రశ్నకి మీరెందుకమ్మా ఎండలో తిరగడం? మీకు తెలియంది ఏదో అది అడగండి."

"మా ముఠాల గురించి నాకు తెలియంది ఉంటే గదా మేడమ్."

"అదేనమ్మా చిక్కు," అంది.

మెట్లు దిగుతూ ఆమెను తిట్టుకున్నాను. కిందికి దిగేసరికి ఒక ప్రశ్న దొరికింది. యాప్ అందరి ఫోన్లలో ఉంది. "వస్తాను" నొక్కేవాళ్లు మాత్రం లేరని సంఘం వాళ్లే గోలపెడుతున్నారు. ఎందుకు నొక్కరు? నాకు నిజంగానే తెలియదు. మళ్లీ మూడంతస్తులు ఎక్కి చెప్పాను. "ఇదీ ప్రశ్న," అంది మేడమ్. మెచ్చుకుంటుందేమోనని ఆగాను. నేను చదవాల్సిన పేపర్ల పేర్లు ఇచ్చింది.

అవన్నీ ఇంగ్లీషు పేపర్లు. పక్కన డిక్షనరీ పెట్టుకుని, ఒక్కో పేజీకి ఒక్కో పూట పట్టింది. చదివిన ప్రతిదాంట్లో యూజర్ అనే మనిషి ఒకడు ఉంటాడు. వాడికొక ఫోను ఉంటుంది. దాన్ని ఒంటరిగా చూస్తాడు, ఒంటరిగా ఆలోచించుకుంటాడు, ఒంటరిగా నొక్కుతాడు. వాడికి వదిన ఉండదు. కానీ పెద్ద పెద్ద వాళ్లు రాశారు గదా, నిజమే అయ్యుంటుందని నేను నమ్మాను. వాళ్ల పద్ధతిలోనే ఫారం తయారుచేశాను. "యాప్ వాడటం సులువు. గట్టిగా ఒప్పుకుంటాను, ఒప్పుకుంటాను, ఏదీ చెప్పలేను, ఒప్పుకోను, అసలు ఒప్పుకోను." ప్రతి వాక్యానికీ ఇలా అయిదు గళ్లు.

మొదట మా వదిన ముఠా దగ్గరికే వెళ్లాను. చద్ది తినేవేళ అందరూ గట్టు మీద కూర్చున్నారు. నేను మొదటి వాక్యం చదివాను. అందరూ వదిన వైపు చూశారు. వదిన ముద్ద మింగి, "చాలా సులువుగా ఉంది, రాసుకో," అంది.

"నీకెలా ఉందమ్మా?" అని చర్చిలో గంట కొట్టే ఆయన భార్యని అడిగాను.

"అక్క చెప్పిందే నాది."

"నీకు?"

"నాకూ అదే."

టైలరు పెళ్లాం ప్రతిదానికీ నవ్వే మనిషి. "అందరికీ అదేనమ్మా, ఊరికే కాగితాలు దండగ," అని నవ్వింది.

నేను పొంగిపోయాను. మనవాళ్లు ఎంత బాగా చెప్పారు అనుకున్నాను. చిలకలూరిపేట వైపు ఇంకో ముఠాని అడిగాను. దాని పెద్ద పళ్లూడిన ముసలామె. ఏది అడిగినా "మధ్యరకం" అంది. ముఠా అంతా మధ్యరకమే అంది. మూడో ముఠా కోతల కోసం పై ఊరి నుంచి వచ్చి గుడిసెలేసుకుంది. దాని పెద్దకి ఆ పొద్దున్నే రైతుతో తగాదా అయింది. యాప్ బాలేదు, ఫోను బాలేదు, ప్రశ్న బాలేదు, అన్నీ బాలేవంది. వాళ్లంతా బాలేదన్నారు. నలభై ఫారాలు నింపుకుని, సంచిలో పెట్టుకుని, గెలిచి వచ్చినదానిలా మూడంతస్తులు ఎక్కాను.

మేడమ్ ఒక్కొక్కటే చూసింది. చూస్తూ చూస్తూ టేబులు మీద మూడు దొంతర్లు పెట్టింది. ఒక్కో దొంతరలో ఒక ఫారం చూస్తే మిగతావన్నీ చూసినట్టే.

"అమ్మా, ఇవి నలభై కాదు. మూడు," అంది.

"నలభై మందీ మనుషులే మేడమ్. ఎదురుగా కూర్చుని చెప్పారు. మావాళ్లు అబద్ధాలు చెప్పరు."

"అబద్ధమని నేననలేదు. ముందు ఎవరు మాట్లాడారు?"

"మా వదిన."

"ఆమె పెద్దా?"

"పెద్దే."

"మరి?" అంది మేడమ్. అంతే. ఒక్క మాట.

నా మొహం వేడెక్కింది. గొడుగు తీసుకుని లేచాను. "మీరు చేలోకి వచ్చి అడగండి, అప్పుడు తెలుస్తుంది," అన్నాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. ఫారాలు మూడు దొంతర్లూ కలపకుండా, మధ్యలో కాగితం ముక్కలు పెట్టి నా సంచిలో పెట్టింది. ఆ కాగితం ముక్కలు చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

కాలేజీ ఉన్న సందు చివర జిరాక్సు షాపులున్నాయి. ఒక షాపువాడు నా మొహం చూసి గ్రహించాడు.

"ఏం టాపిక్కు మామ్మగారూ? ఇన్ఫర్మేషన్ సిస్టమ్సా? రెడీగా ఉంది. ఊరి పేరు మారిస్తే సరి."

"శాంపిలెంత?" అన్నాను. నాకు ఆ మాట వచ్చని చూపించుకోవాలనిపించింది.

"ఎంత కావాలంటే అంత. రెండొందలు వేద్దామా?"

"ఆ రెండొందల మందీ ఎక్కడుంటారు?"

"మీరు మరీనూ. పేపర్లో ఉంటారు మామ్మగారూ."

వాడిని నానా మాటలూ అన్నాను. రోడ్డు మీద జనం ఆగి చూశారు. వాడు "ఏమైందిప్పుడు, వద్దంటే వద్దనొచ్చుగా," అని గొణుక్కున్నాడు. బస్సెక్కి కూర్చున్నాక అర్థమైంది నాకంత కోపం ఎందుకొచ్చిందో. వాడి రెండొందల మందికీ నా నలభై మందికీ తేడా ఏమిటో నాకు చెప్పడం రాలేదు.

సరే, ముఠాగా అడిగితే ఇలా అవుతోంది, విడివిడిగా అడుగుదామని ఇంటింటికీ తిరిగాను. అది ఇంకా అన్యాయం. గంట కొట్టే ఆయన భార్య గుమ్మంలోనే, "మీ వదిన ఏమంది?" అని అడిగింది. అక్కచెల్లెళ్లిద్దరు ఒకే ఇంటి కోడళ్లు, ఒకరి మొహం ఒకరు చూసుకుని లోపలికెళ్లి కాఫీ తెచ్చారు, జవాబు తేలేదు. టైలరు పెళ్లాం, "మళ్లీ వచ్చి అడుగుతున్నావంటే మేం తప్పు చెప్పినట్టేగా. సరైంది ఏందో నువ్వే చెప్పు, అది చెబుతా," అంది. నవ్వుతూనే అంది. తలుపు వేసినంత పనైంది నాకు.

మేడమ్‌కి ఫోను చేశాను. గడువు దగ్గరకొచ్చింది, మర్యాదలకి టైము లేదు.

"అడక్కండమ్మా. చూడండి," అంది. "వాళ్లతో పాటు ఉండండి. చూసింది ఒక పక్క, మీరనుకున్నది ఒక పక్క రాయండి. రెండూ కలపొద్దు."

"చూడ్డానికేముంది మేడమ్. ఇరవై ఏళ్లు నేనే కోశాను."

"అందుకే కనబడదేమో."

ఫోను పెట్టేశాను. పెట్టేసి, పాత చీర మీద వేసుకోవడానికి మా ఆయన పాత చొక్కా ఒకటి వెతికి తీశాను.

ఆ శుక్రవారం పొద్దున ఆటోలో వాళ్లతో పాటు ఎక్కాను. "ఎమ్మెస్సీ వచ్చింది, జరగండే," అని టైలరు పెళ్లాం చోటిచ్చింది. వదిన చేలో తన పక్క సాలు చూపించింది. నల్లరేగడి, మొక్కలు నడుము దాకా, కాయ ఎర్రగా విరగ్గాసి ఉంది. పక్కన పత్తి చేను ఆఖరి తీతకి తెల్లగా నిలబడి ఉంది. కాసేపటికే నడుము పట్టేసింది, వేళ్లు మండటం మొదలుపెట్టాయి. కొబ్బరినూనె రాసుకోవడం మరిచిపోయాను. ఒకప్పుడు అది మరిచేదాన్ని కాదు.

పది దాటింది. నా చొక్కా జేబులో ఫోను మోగింది. తీసి చెవికి పెట్టుకున్నాను. ఎవరో మాట్లాడుతున్నారు, నాకేం వినబడలేదు. చెవీ చెంపా నిప్పు పెట్టినట్టు మండాయి. ఫోను సాల్లో పడేశాను. కొంగుతో తుడుచుకుంటే కంటికీ తగిలింది.

ముఠా అంతా నడుములెత్తి నవ్వింది.

"ఏమ్మా, ఎమ్మెస్సీలో చెప్పలేదా, కారం చేత్తో ఫోను ముట్టకూడదని?"

"అట్టా రుద్దబాక, నీళ్లు పోసుకో. ఒసేయ్ పిల్లా, అత్తకి నీళ్లు తీసుకురా."

నీళ్లు తెచ్చింది వదిన చిన్నకోడలు. పది దాకా చదివిన పిల్ల, ఏడో నెల కడుపు. కోతకి వంగలేదు కాబట్టి ఆ సీజనంతా నీళ్లు మోసే పనిచ్చారు. నా కళ్లల్లో నీళ్లు కొట్టి, తన చెంగుతో తుడిచింది. ఆ పిల్ల చేతులకి కారం లేదు. మిగతా అందరి ఫోన్లూ గట్టు మీద ఒక క్యారేజీ సంచిలో పడున్నాయి. ఆ పిల్ల ఫోను ఒక్కటి మాత్రం చేతిలో ఉంది.

నేనా సంచినీ, ఆ పిల్ల చేతులనీ చూస్తూ నిలబడ్డాను. ఇరవై ఏళ్లు కోసినదాన్ని. ఆ రోజుల్లో నా దగ్గర ఫోను లేదు, అందుకని ఈ సంగతి నాకు తట్టలేదు. వీళ్లకి రోజూ ఉన్నదే, అందుకని చెప్పాలని తట్టలేదు. నా ఫారంలో అయిదు గళ్లున్నాయి గానీ చేతికి కారం ఉందా అన్న గడి లేదు.

అప్పుడే ఆ పిల్ల ఫోను కుయ్‌మంది. గట్టెక్కి నిలబడి చదివింది. "ఇదిగో, ఇంకొల్లు వైపు మిరప, పది మంది కావాలంట, కూలి ఎక్కువే. ఇంకోటి పెదనందిపాడు దగ్గర పత్తి, కూలి తక్కువ."

చేతులు కోస్తూనే ఉన్నాయి. నోళ్లు తెరుచుకున్నాయి.

"ఇంకొల్లుకే పోదాం," అంది వదిన.

"ఆటో చార్జీ ఎవడిస్తాడు? నీ యాప్ ఇస్తదా?" అంది సిమెంటు ఫ్యాక్టరీ కూలి మానేసి దాచేపల్లి నుంచి వచ్చినామె.

"ఆ చేలకి నల్లతామర పురుగు పట్టింది. కాయే లేదు. పొద్దుగూకులూ కోసినా బస్తా నిండదు."

"పోయినేడు అక్కడ చాటుకి పోవడానికి జాగా లేదు. నాలుగువైపులా రోడ్డే. సాయంత్రం దాకా ఉగ్గబట్టుకుని చచ్చాం. యాప్‌లో అది రాస్తారా?"

"యాప్‌లో రాసిన కూలి ఎప్పుడన్నా ఇచ్చారా? అక్కడికి పోయాక తగ్గిస్తారు."

"ఇంకొల్లే పోదామంటున్నా," అంది వదిన.

"నువ్వు పో అక్కా. నేను రాను," అంది గంట కొట్టే ఆయన భార్య.

అక్క చెప్పిందే నాది అన్న మనిషి ఈమే. నేను చొక్కా లోపలి నుంచి నోటుబుక్కు తీశాను, పెన్ను తీశాను, వాచీ చూసి పదీ ఇరవై అని రాశాను. తలెత్తేసరికి కోసే చేతులు ఆగిపోయాయి. పదకొండు మందీ నా చేతి వైపు చూస్తున్నారు. ఆ చూపు నాకు తెలుసు. కోల్డ్ స్టోరేజీకి ఆఫీసర్లు వచ్చినప్పుడు మేం అలాగే చూసేవాళ్లం.

వదిన పొమ్మన్నది అప్పుడే.

పక్క పత్తి చేని గట్టు మీద కూర్చుని, విన్నదంతా మరిచిపోకముందే రెండు పేజీలు రాశాను. కన్ను మండుతోంది, చెవి మండుతోంది. వాళ్లతో కలిసి పుట్టి, కలిసి వంగి, వాళ్లలో ముగ్గురికి పురుళ్లు పోసినదాన్ని. కాగితం చేతపట్టిన రోజే పరాయిదాన్ని చేశారు. ఒక్క నోటితో మాట్లాడేది పరాయివాళ్లతోనని, తమలో తమకి ఎన్ని నోళ్లయినా ఉంటాయని నాకు తెలియదా? తెలుసు. నేను పరాయిదాన్నని తెలియలేదు, అంతే. అక్షరాలు నేర్చుకోమని పాస్టరమ్మ బడికి పంపింది వీళ్లే. చదువుకున్నాక జరిగి కూర్చునేదీ వీళ్లే. పోట్లాడాలంటే ఎవరితో పోట్లాడాలి?

అన్నాల వేళకి వదిన వచ్చింది. చేతులు మట్టితో రుద్ది కడుక్కుని, కాస్త దూరంగా కూర్చుంది.

"నేను వాళ్ల నోళ్లు కట్టేశానని రాశావా?"

"రాయలేదు."

"మరి ఏం రాశావు?"

"మీరన్నదే రాశాను."

"ఎవరెవరు ఏమన్నారో పేర్లతోనా?"

"పేర్లతోనే."

"పిచ్చిదానా," అంది వదిన. కోపంగా కాదు, అలసటగా అంది. "రేపు ఆ సంఘం వాళ్లు చదువుతారు. ఇదిగో, ఫలానామె మన కూలి అబద్ధమంది అంటారు. ఆ పైన మా ముఠాని ఎవరు పిలుస్తారు? నీకు డిగ్రీ వస్తది. మాకు?"

మేడమ్ చెప్పిన పాఠాల్లో ఒకటి, వాళ్ల అనుమతి లేకుండా ఒక్క ముక్క కూడా వాడుకోకూడదని. అది పాఠంగా చదివినప్పుడు నాకు తేలిగ్గానే అనిపించింది. ఇప్పుడు నా థీసిస్ మొత్తం ఆ బుక్కులో రెండు పేజీల్లో ఉంది. గడువు మూడు వారాలే. వదిన వద్దంటే వద్దే.

"చదివి వినిపిస్తాను," అన్నాను. "వద్దన్నది కొట్టేస్తాను. మొత్తం వద్దంటే మొత్తం చింపేస్తాను."

వదిన నా మొహం చూసింది. "కన్ను ఇంకా ఎర్రగా ఉంది. నీళ్లు పోసుకో," అని లేచింది. ముఠా వైపు తిరిగి కేకేసింది. "రండే, మనమేం కూశామో చదువుతదంట."

అన్నాలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. నేను చదవడం మొదలుపెట్టాను. రెండో వాక్యం దగ్గరే దాచేపల్లి ఆమె అడ్డం పడింది.

"నేనట్టా అన్లేదు. ఆటో చార్జీ ఎవడిస్తాడన్నా. ఇవ్వరనలేదు."

"అదేగా అర్థం," అంది టైలరు పెళ్లాం.

"అదెట్టా అవుద్ది? ఒక్కోసారి ఇస్తారు. పోయిన్నెల ఇచ్చారుగా."

"నీకిచ్చారేమో, మాకియ్యలా."

"నల్లతామర అంది నేను కాదు, మా అక్క," అంది చెల్లెలు.

"నేనన్నా తప్పా? కళ్లతో చూశా."

మా చిన్నొదినకి చెవుడు. ఎప్పుడూ మాట్లాడదు. ఆమె కూడా పక్కవాళ్లని అడిగి విని, "ఫోను ఆ పిల్ల దగ్గరుంటే మంచిదేగా, పురుడొచ్చాక ఎవరు చదువుతారు? అది రాసుకో," అంది. వదిన "నేను ఇంకొల్లు అన్నది మొండికి కాదు, ఆ రైతు నీళ్లు మంచివి పెడతాడు, అదీ రాయి," అంది. "ఆయన గాక ఇంకెవరూ పెట్టరా?" అని గంట కొట్టే ఆయన భార్య మళ్లీ ఎదురు తిరిగింది.

అడిగితే ఒక్క నోరు. తప్పు చదివితే పదకొండు. నేను రాయలేక చచ్చాను.

చివర్న వదిన ఒక్క సంగతి కొట్టేయించింది. రైతుల గురించి వాళ్లలో ఒకరన్న మాట. నా రెండు పేజీల్లో అన్నిటికన్నా గట్టి ముక్క అదే. బతిమాలాను. "కొట్టెయ్," అంది. కొట్టేశాను. అదేమిటో ఇక్కడా రాయను. "పేర్లు రాయబాక," అంది. సరేనన్నాను.

ఆ తర్వాత వారం రోజులు వాళ్లతో కోతకి పోయాను, చూశాను, రాశాను, చదివి వినిపించాను, తిట్లు తిన్నాను. మేడమ్‌కి చూపిస్తే మొత్తం చదివింది. సంఘం కంప్యూటర్లో ఈ ముఠా నుంచి యాప్ వాడేది ఒక్క మనిషి, మిగతా పది మందీ వాడనట్టు లెక్క. నిజానికి ఒక్క ఫోను చుట్టూ పదకొండు మంది విని, పోట్లాడి, తేల్చుకుని, ఆ పిల్ల చేత ఒక్కసారి నొక్కిస్తున్నారు. ఇదీ నా జవాబు. రాసింది తిరిగి వాళ్లకే వినిపించడమనే పద్ధతికి పుస్తకాల్లో ఒక పేరుందని చెప్పి మేడమ్ ఆ పేరు రాసిచ్చింది. దానికీ ఒక పేరుందట. ముందే చెప్పి ఉంటే నన్ను చేలోంచి పొమ్మనేవాళ్లు కాదుగదా అన్నాను. "చెబితే చేసేవారా?" అంది. ఆమె మీద కోపం పోకపోవడానికి ఇదే కారణం. ఎప్పుడూ ఆమె మాటే నెగ్గుతుంది.

వైవాకి బయటి నుంచి వచ్చిన పెద్దాయన పేజీలు తిప్పి, "శాంపిల్ పదకొండేనా?" అన్నాడు.

"అంతకుముందు మూడేనండి," అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. మేడమ్ కిటికీ వైపు తిరిగింది, నవ్విందని నా అనుమానం. శాంపిల్ చిన్నదని మార్కులు తగ్గించాడు. పాసు మాత్రం చేశాడు. ఆ మార్కుల కోపం ఒకటి మిగిలింది, ఉండనీ.

ఇంకో కోపం ఉంది. పేర్లు రాయకూడదు గనక థీసిస్‌లో వాళ్లందరికీ నంబర్లిచ్చాను. ఒకటో నంబరు అంది, ఏడో నంబరు ఒప్పుకోలేదు, ఇలా. మాట ఇచ్చాను కాబట్టి ఇచ్చాను గానీ, రాస్తున్నంతసేపూ కోల్డ్ స్టోరేజీలో మిరప బస్తాల మీద లాటు నంబర్లు వేస్తున్నట్టే ఉంది. ఇక్కడ కూడా పేర్లు రాయను. కానీ నంబర్లూ వేయను.

ఆ శుక్రవారం ఆ చేలో ఉన్నది వీళ్లు: ముఠా పెద్ద, మా పెద్దన్న భార్య, మా వదిన. ఏడో నెల కడుపుతో నీళ్లు మోసి, ఫోను చదివిన ఆమె చిన్నకోడలు. చెవుడైనా అందరికన్నా బాగా విన్న మా చిన్నొదిన. నేను రానన్న గంట కొట్టే ఆయన భార్య. టైలరు పెళ్లాం. ఒకే ఇంటి కోడళ్లయిన అక్కా, చెల్లెలూ. దాచేపల్లి నుంచి వచ్చినామె. పెళ్లయి ఏడాది కాని చిలకలూరిపేట పిల్ల, ఆ రోజంతా చాటుకి జాగా గురించి తప్ప ఇంకేం మాట్లాడలేదు. యాప్ కూలి అబద్ధమన్న అంగన్‌వాడీ ఆయా కూతురు. నేను పొమ్మనిపించుకుని గట్టు మీద కూర్చుంటే, నా సాలు కూడా తనే కోసిపెట్టి, నాతో చెప్పకుండా ఊరుకున్న మా పిన్ని కూతురు. ఒక కన్ను మూసుకుని నేను.